మావయ్య చూసిన మంచు

పక్షుల చెరువు గేటు పక్కనున్న ఆ టీ కొట్టుకి సగం గిరాకీ పక్షుల వల్ల వస్తే, మిగతా సగం మావయ్య కోతల వల్ల వచ్చేది. ఆయన వడ్రంగి. చలి విరిగి, చెట్లకి ఇంకా ఆకు సరిగ్గా పట్టని ఆ రోజుల్లో వారానికో ఉదయం మేనకోడల్ని వెంటబెట్టుకుని చిత్తడి నేలలోకి వెళ్లి, తుంగ మధ్యలో తన చేత్తోనే కట్టిన చెక్క గుడిసెలో కూర్చుని, వచ్చిన పక్షుల్ని లెక్కపెట్టేవాడు. లెక్క ముగిశాక టీ కొట్టు బల్ల మీద చేరి, జరిగినదాన్ని పదింతలు చేసి చెప్పేవాడు. వినేవాళ్లకి అది అబద్ధమని తెలుసు. తెలిసే రెండో టీ చెప్పేవాళ్లు.

అటవీశాఖకి ఇచ్చే ఆ లెక్కకి ఒక పద్ధతుంది. ఒకరు చూసి అంకె పలకాలి, రెండోవాళ్లు తలెత్తకుండా రాయాలి, చివర్న ఇద్దరూ కాగితం మీద సంతకం పెట్టాలి. మేనకోడలికి పన్నెండేళ్లప్పటి నుంచీ ఆయన పలుకుతుంటే తను రాస్తోంది. ఇప్పుడు స్కూలు ఆఫీసులో గుమస్తా, ఇద్దరు పిల్లల తల్లి, అయినా ఆ పని మాత్రం వదల్లేదు. టీ కొట్టు దగ్గరా ఆమెకి ఒక పనుంది. మావయ్య మధ్యమధ్యలో "ఏమ్మా, అవునా కాదా?" అంటాడు. "అవును మావయ్యా" అనాలి.

నెల రోజులుగా ఆమె దొంగతనంగా తలెత్తుతోంది. ఓ రోజు ఆయన "బాతులు నలభై" అంటే ఎందుకో చూపెత్తింది. అక్కడున్నవి పదకొండు బాతులు, నీళ్లలో తేలుతున్న నాలుగు మొద్దులు. పదకొండని రాసి ఊరుకుంది. తర్వాతి వారమూ అంతే, ఆ పై వారమూ అంతే. ఆయన అంకె ఆయన పలుకుతూనే ఉన్నాడు, ఈమె అంకె ఈమె రాస్తూనే ఉంది. పైకి అంటే ఆ గుడిసెలోంచి ఆయన్ని లేపేస్తారు. అక్కడినుంచి లేపేశాక మావయ్యలో మావయ్య మిగలడని ఆమె భయం. అత్తయ్య పోయాక ఆయన్ని పొద్దున్నే మంచం మీంచి లేపింది ఆ పక్షులే.

ఆ వేళ కాగితం కోసం రేంజరు తనే వచ్చి కూర్చున్నాడు. మావయ్య సంతకం పెట్టేశాడు, సగం గడిలోనూ సగం గడి బయటా. ఇక ఆమెదే మిగిలింది. కలం చేతిలో పట్టుకుని ఎంతకీ పెట్టదు.

"ఇవాళ ఏం తగిలిందన్నా?" అంది టీ కొట్టావిడ.

"ఏముందమ్మా, చెప్పుకోవాల్సినంత సంగతి కాదు. కాస్త మంచులో కూర్చుని ఓ మూడొందల పక్షుల్ని లెక్కపెట్టానంతే," అన్నాడు మావయ్య.

"అంతేనా?" అన్నాడు పోస్టాయన. ఉద్యోగం మానేసి ఆరేళ్లయినా ఆయన పేరు పోస్టాయనే.

"అంతే అంటే అంతేనా మరి! మంచంటే నువ్వనుకునే మంచనుకున్నావా? మామూలు మంచు నీళ్ల మీంచి లేస్తుంది. ఇది ఎక్కడ మొదలైందో తెలుసా? సరిగ్గా నేను చూసే చోట. బైనాక్యులర్ కుడికి తిప్పానా, కుడికొచ్చింది. ఎడమకి తిప్పానా, ఎడమకొచ్చింది. పక్కనంతా బానే ఉంటుంది, నేను దేన్ని చూద్దామనుకుంటే పోయి దాని మీద కూర్చుంటుంది. ఏళ్లనాటి పగ ఏదో ఉన్నట్టు! ఏమ్మా, అవునా కాదా?"

"అవును మావయ్యా," అంది. అలవాటు కొద్దీ వచ్చేసింది. మావయ్య మంచుని పుట్టించడం కొత్త కాదు, కిందటేడు వడగళ్ల వానే కురిపించాడు.

"సరే, మంచు సంగతి తర్వాత చూద్దాం, ముందు సూర్యుణ్ణి రానీ అనుకున్నాను. వచ్చాడు. ఎలా వచ్చాడో తెలుసా? చుట్టూ రంగుల చక్రం వేసుకుని! ఆ చక్రం మెల్లగా పెద్దదవుతోంది. నీళ్లలో నేను పాతిన గుంజలున్నాయి కదా, తొమ్మిది. ఎన్ని కనిపించాయో చెప్పు? పద్దెనిమిది! ఒక్కోదాని పక్కన దాని దయ్యం నిలబడింది. కొంగలకీ దయ్యాలే, బాతులకీ దయ్యాలే. మూడొందలు కాస్తా ఆరొందలయ్యాయి. ఎగిరితే ఒకటే ఎగురుతుంది, రెండోది అక్కడే నిలబడి నన్ను చూస్తుంది."

టీ కొట్టావిడ గరిటె ఆపి నవ్వింది. "పొద్దున్నే దయ్యాలేంటన్నా, భయంగా ఉంది."

"చూస్తుందన్నాను గానీ, దేంతో చూస్తుంది? మొహాల్లేవమ్మా వాటికి! మెడ వరకూ ఉంది, ఆ పైన ఉతికి ఆరేసిన గుడ్డ. అవతలి గట్టు మీద ఒక మనిషి నిలబడ్డాడు. వాడికీ అంతే. నేను చెయ్యూపాను, వాడూ ఊపాడు. నేను ఆపేశాను, వాడు ఆపలేదు."

రేంజరు టీ గ్లాసు కింద పెట్టాడు. అవతలి గట్టున నిలబడి చెయ్యూపింది తనేనని చెప్పబోయి, కథ చెడగొట్టడం ఎందుకులే అనుకున్నట్టు మేనకోడలి వైపు చూసి నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు. ఆ గట్టు అంత దూరమేం కాదు. పొద్దున గుడిసెలోంచి చూస్తే రేంజరు టోపీ, టోపీ కింద మీసం, అన్నీ ఆమెకి కనిపించాయి.

మావయ్య కోతలు ఆమెకి కంఠతా వచ్చు. వాటిల్లో ఎప్పుడూ మావయ్యే గెలుస్తాడు, పక్షులు ఆయన మాట వింటాయి, గాలి ఆయన చెప్పిన వైపే వీస్తుంది. ఈ కథలో ఆయన గెలవట్లేదు. ఆమెకి ఇరవై ఏళ్లలో మొదటిసారి ఈ మనిషి చూసింది చూసినట్టు చెబుతున్నాడేమో అనిపించింది.

"నేనేమైనా ఊరుకుంటానా?" మావయ్య గొంతు పెంచాడు. "రంపం తీశాను. అడ్డంగా ఆ మంచుని కోశాను. పలకలు పలకలుగా ఊడొచ్చిందనుకో! చిత్రిక పట్టి పక్కన పేర్చాను, నలభై పలకలు."

"నలభయ్యే?" అన్నాడు పోస్టాయన.

"ముప్పయ్యెనిమిది. రెండు చీలిపోయాయి. కోసిన కొద్దీ వెనకాల ఇంకా మంచే. ఆ పలకలకి రెక్కలొచ్చాయి, ఆ మొహంలేని ఆరొందలూ వాటి కింద దూరాయి, గుడిసెని పునాదితో సహా పైకి లేపాయి! చెరువు చుట్టూ మూడు చుట్లు తిప్పాయి. కిందికి చూస్తే భూమి లేదు, పైకి చూస్తే ఆకాశం లేదు. అంతా తెలుపు. ఆ తెలుపు కిటికీలోంచి లోపలికొచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

పాలు పొంగబోతుంటే టీ కొట్టావిడ చూడకుండానే మంట తగ్గించింది.

"పక్కనే ఈ పిల్ల కూర్చుని రాస్తోంది. అమ్మా అని పిలిచాను. ఆఁ మావయ్యా అంది. తిరిగి చూద్దును కదా, దీనికీ మొహం లేదు! గొంతుంది, కలం గీకుతున్న చప్పుడుంది, మొహం ఉండాల్సిన చోట ఏమీ లేదు. నేను పెంచిన పిల్ల మొహం!" మావయ్య గట్టిగా నవ్వబోయాడు, నవ్వు సరిగ్గా రాలేదు. "ఏమ్మా, అవునా కాదా?"

ఆమె కలం మూత పెట్టింది.

"ఇవాళ మంచు పడలేదు మావయ్యా."

పోస్టాయన తొడ చరిచి పకపకా నవ్వాడు. "దొరికిపోయావు! సొంత మేనకోడలే పట్టిచ్చింది!" టీ కొట్టావిడా నవ్వింది. తీరా మావయ్య మొహం చూసి ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు ఆగిపోయారు.

"పడలేదా?" అన్నాడాయన.

"లేదు. తెల్లవారినప్పటి నుంచీ ఆకాశం కడిగినట్టుంది. కిందటి వారమూ లేదు. నెల రోజులుగా ఒక్కరోజు కూడా మంచు లేదు." "తప్పు నాది. నువ్వు పలికిన అంకెలు నేను రాయట్లేదు. తలెత్తి నేను చూసినవి రాస్తున్నాను. అప్పుడే చెప్పుంటే అప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లం."

కోపం వస్తుందనుకుంది. ఇరవై ఏళ్ల నమ్మకం మరి, రావాలి కూడా. ఆయన మాత్రం రెండు చేతులూ బల్ల మీద ఆనించి, చెక్క పొరని వేలితో తడుముతూ కూర్చున్నాడు. వడ్రంగికి కళ్లు పోతే ఏమవుతుందో అక్కడ ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఆమె సంతకం పెట్టకుండానే కాగితాన్ని రేంజరు వైపు జరిపింది. రేంజరు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "రేపు జీపు పంపిస్తాను, కళ్ల డాక్టరు దగ్గర దింపుతుంది," అన్నాడు. మావయ్య తలూపాడు. దేనికైనా వాదించే మనిషి అలా తలూపితే ఆమెకి ఏడుపొచ్చింది.

తర్వాత ఆయనే అడిగాడు. "నల్లమెడ కొంగల జంట కోసం శీతాకాలమంతా చూశాను. కాగితంలో వాటికి ఎంత రాశావు?"

"రెండు."

"వచ్చాయా!"

"ఇవాళే వచ్చాయి మావయ్యా. మన కిటికీ ముందే వాలాయి. అరగంట ఉన్నాయి."

అరగంట. ఆ అరగంటా తను మంచుని తిడుతూ కూర్చున్నట్టు ఆయనకి గుర్తొచ్చి ఉండాలి. ఆమె గొంతు వచ్చిన వైపుకి తిరిగాడు గానీ చూపు ఆమె భుజం పక్కన ఖాళీ జాగా మీద ఆగింది. ఆమె బల్ల మీద కొంచెం జరిగి, ఆ చూపు ఆగిన చోట కూర్చుంది.

"చెప్పు," అన్నాడు మావయ్య. "ఎలా ఉన్నాయో ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఒక్క ముక్క కూడా కలపకు."