రోగి అడిగిన మాట: సిస్టరు జ్ఞానమణి గారి ముప్పై ఏళ్ళ సేవ

1927వ సంవత్సరం జూలై నెల నాలుగవ తేదీ, సోమవారం ఉదయం ఏడు గంటలకు, కడపలోని కరుణాలయ ఆసుపత్రి స్త్రీల వార్డులో శిక్షణ నర్సుగా సిస్టరు జ్ఞానమణి గారు ఉద్యోగంలో ప్రవేశించారు. రెండెకరాల మెట్ట భూమిలో కొర్ర, జొన్న పండించుకొనే ఏసన్న గారికి జ్యేష్ఠ పుత్రికగా జన్మించి, ఊరి చర్చి బడిలో అక్షరాభ్యాసం చేసి, మిషన్ బోర్డింగులో హైస్కూలు చదువు ముగించి, ఇరవై నాలుగేళ్ళ వయస్సులో వారు ఈ వృత్తిని స్వీకరించారు. ఆ సంవత్సరాంతంలో వార్డు పెద్ద నర్సు వ్రాసిన నివేదిక నేటికీ మన కార్యాలయంలో భద్రంగా ఉన్నది. అందులో వీరిని గురించి ఉన్నవి రెండే మాటలు: "పని బాగు. నిలకడ లేదు."

మొదటి మాటను ముప్పై సంవత్సరాల సేవ రుజువు చేసింది. రెండవ మాటను కాదనే సాహసం వారి ఆప్తమిత్రులు సైతం చేయలేదు. కడపలో పనిచేసిన పద్నాలుగేళ్ళలో జ్ఞానమణి గారు కుర్చీలో కూర్చుని భోజనం చేయగా చూచినవారు అరుదు. మన్నెపు జ్వరాలతో వణికే కూలీలకూ, ఒంటిమిట్ట తిరునాళ్ళకు వెళ్ళి జబ్బుపడి వచ్చిన యాత్రికులకూ, పురిటి నొప్పులతో ఎద్దుల బండ్లలో దిగే తల్లులకూ వారు ఒకే వేగంతో, ఒకే కంగారుతో, ఒకే శ్రద్ధతో సేవ చేశారు. ఒక మంచం దగ్గర నిలిచి ఉండగానే వారి చూపు మూడవ మంచం మీద ఉండేది.

1941లో కర్నూలు కరుణాలయంలో శస్త్రచికిత్స వార్డు ప్రారంభమైనప్పుడు వారు అక్కడికి బదిలీ అయ్యారు. ఆ వార్డులో వారిని జీవితాంతం వెంటాడిన సంఘటన ఒకటి 1949లో జరిగింది. డోన్ ప్రాంతం నుండి మెడలో గడ్డతో వచ్చిన సుంకులమ్మ అనే రైతుకూలీ, ఆపరేషనుకు ముందురోజు ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయింది. నెల తిరిగాక ఆమె తమ్ముడు, ఆసుపత్రి దుప్పటిని ఉతికి మడిచి, తిరిగి ఇవ్వడానికి వచ్చాడు. అక్క పోయిందని చెప్పాడు. ఎవరినీ నిందించలేదు. "మా అక్క శానా బయపడినాదమ్మా. ఏం జేస్తారో ఎవురూ చెప్పల్యా" అని మాత్రం అన్నాడు. ఆనాటి నుండి జ్ఞానమణి గారు ప్రతి ఉదయం వార్డులో అడుగుపెట్టగానే మంచాల మీద తలలు లెక్కపెట్టుకొనేవారు. లెక్క సరిపోయినా వారి మనస్సు కుదుటపడేది కాదు.

1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని కావడంతో పట్టణం జనంతో నిండిపోయింది. ఆ మరుసటి సంవత్సరమే మద్రాసులో ఉన్నత విద్య అభ్యసించిన శస్త్రవైద్య నిపుణులు డాక్టర్ ప్రకాశం గారు మన ఆసుపత్రిలో చేరారు. అంతవరకు మద్రాసుకో వేలూరుకో పంపవలసి వచ్చిన అనేక కఠిన వ్యాధుల చికిత్స ఇక్కడే సాధ్యమైంది. నాలుగు జిల్లాల నుండి రోగులు రాసాగారు. వచ్చినవారు వరండాలో చాపలు పరుచుకొని, ఆవరణలో మూడు రాళ్ళ పొయ్యి పెట్టుకొని, తమ వంతు కోసం దినాలు లెక్కించేవారు. చీకటి గదిలో ఎక్స్‌రే యంత్రం ముందు రొమ్ము ఆనించి నిలబడమంటే ప్రాణం పోయినంత పని అయ్యేది. తమ దేహాన్ని గురించి తమకు తెలియని భాషలో చర్చ జరుగుతుంటే, ఆ ముఖాల నుండి ఈ ముఖాలకు చూపు తిప్పుతూ తీర్పు కోసం ఎదురుచూచేవారు.

అట్టివారిలో ఒకడు చిన్న ఈరన్న. కోయిలకుంట్ల అవతలి పల్లెకు చెందిన గొర్రెల కాపరి. 1955 ఏప్రిల్‌లో కుడి డొక్క కింద కొబ్బరికాయంత వాపుతో చేరాడు. కాలేయంలో నీటి తిత్తి పెరిగిందని డాక్టరు గారు నిర్ధారించారు. సూది గుచ్చినా, దెబ్బ తగిలినా తిత్తి పగిలి ప్రాణం పోవచ్చు. జాగ్రత్తగా కోసి తీస్తే బ్రతుకుతాడు. మూడవ రోజు ఉదయం డాక్టరు గారి వెంట పదిమంది అతని మంచం చుట్టూ చేరారు. ఒక్కొక్కరే కడుపు నొక్కి చూశారు. ఎక్స్‌రే చిత్రాన్ని కిటికీ వెలుగుకు పట్టి ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. వారు కదిలిపోతుండగా చిన్న ఈరన్న జ్ఞానమణి గారి కొంగు అందుకొని, "ఏమంటాండారు నర్సమ్మా?" అని అడిగాడు.

"వస్తా ఉండప్పా, మళ్ళా చెప్తా" అని వారు పక్క వార్డుకు పరుగెత్తారు. అక్కడ ఒకరికి రక్తస్రావం ఆగడం లేదు. అది ఆగేసరికి మధ్యాహ్నమైంది. తిరిగి వచ్చి చూస్తే మంచం ఖాళీ.

ఆ సాయంత్రమంతా జ్ఞానమణి గారు వార్డుకూ గేటుకూ మధ్య తిరుగుతూనే ఉన్నారు. అంతలో ఆ పల్లె వైపు నుండి వచ్చిన ఒక రోగి బంధువు చెప్పిన మాట వారిని మరీ కలవరపెట్టింది. అక్కడ వాపులకు కాల్చిన దబ్బనం గుచ్చి నీరు తీసే మనిషి ఒకడున్నాడట. మరునాడు తెల్లవారగానే సెలవు చీటీ వ్రాసి గుమాస్తా బల్ల మీద పెట్టి, అది మంజూరయిందో లేదో చూడకుండానే వారు బస్సెక్కారు.

నంద్యాల దాటాక బస్సు టైరు పగిలింది. మరమ్మతు జరిగిన గంటన్నరసేపు తోటి ప్రయాణికులు తుమ్మచెట్టు నీడన కూర్చుంటే, జ్ఞానమణి గారు ఆ ఎండలో రోడ్డు మీద ముందుకు నడుస్తూ పోయారు. బస్సు వెనుక నుండి వచ్చి నాలుగు మైళ్ళ దూరంలో వారిని మళ్ళీ ఎక్కించుకున్నది. కోయిలకుంట్లలో దిగి, అడ్డదారిన నల్లరేగడి బీళ్ళ మీదుగా నడిచి పల్లె చేరేసరికి పొద్దు నడినెత్తిన ఉన్నది. చిన్న ఈరన్న భార్య ఈరక్క వాకిట్లో జొన్నలు చెరుగుతున్నది.

"మీ ఆయన యాడమ్మా?"

"మందతో పాయె" అన్నది ఈరక్క, చాట దించకుండానే. "రేపు పొద్దున దబ్బనమాయప్ప వస్తానన్యాడు."

జ్ఞానమణి గారు మంచినీళ్ళు కూడా అడగకుండా ఆమె చూపించిన వైపు నడిచారు. పంట కోసిన చేలో గొర్రెలు మేస్తున్నాయి. చిన్న ఈరన్న కర్ర మీద బరువు మోపి, డొక్క పట్టుకొని నిలబడి ఉన్నాడు. వారిని చూడగానే ముఖం తిప్పుకున్నాడు.

"ఎందుకొస్తివి ఇంతదూరం? నేను రాను."

"ఎందుకు రావప్పా? చెప్పి పోకూడదా?"

"మీరు చెప్తిరా?" అన్నాడు అతడు. "పదిమంది నా మంచం సుట్టూ నిలబడి కడుపు పిసికిరి. వాళ్ళ మాటల్లో ఒగటే తెలుగు మాట. కుక్క అన్యారు. నేను కుక్కనా? ఏమంటాండారని నిన్ను అడిగితే పరుగెత్తితివి."

ఆ జబ్బు కుక్కల వలన వస్తుందని డాక్టరు గారు పక్కనున్న కొత్త నర్సులకు ఆ ఒక్క ముక్క తెలుగులో చెప్పిన సంగతి జ్ఞానమణి గారికి గుర్తున్నది. అదే మాట మంచం మీది మనిషి చెవిలో ఎలా పడిందో అంతవరకు వారికి తోచలేదు. వారు అక్కడే, ఆ ఎండలో, పంట కోసిన మోళ్ళ మధ్య నేల మీద చతికిలపడ్డారు.

"కూర్చోప్పా. తప్పు నాదే. ఇప్పుడు చెప్తా. నువ్వు గొర్రెను కోసినప్పుడు కార్జంలో నీళ్ళ బుగ్గలు ఎప్పుడన్నా చూసినావా?"

"శానా సార్లు. తెల్లగా, గుడ్డు మాదిరి ఉంటాయి."

"ఆ కార్జం ఏం జేస్తావు?"

"అది తినేదానికి పనికిరాదు. కుక్కలకు ఏస్తా."

"ఆ కుక్క కడుపులో దాంతో పురుగు పెరుగుతాది. దాని గుడ్లు గడ్డి మీద, నీళ్ళలో, నీ చేతుల మీద పడతాయి. నువ్వు ఆ చేత్తోనే సంగటి తింటావు. గొర్రె కార్జంలో చూసినావే, ఆ బుగ్గే ఇప్పుడు నీ కార్జంలో ఉండాది. డాక్టరు అన్న కుక్క అది. నువ్వు కాదు."

చిన్న ఈరన్న గొర్రెల వైపు చూశాడు. తన డొక్కను ఒకసారి తడుముకున్నాడు.

"గుచ్చితే?"

"గొర్రె కార్జంలో బుగ్గ పగిలితే నీళ్ళు యాడికి పోతాయో చూసినావు గదా. నీ కడుపంతా పోతాయి. ప్రాణం దక్కదు."

"ఇంత మాట ఈడ చెప్తాండావే, ఆడ చెప్పుంటే నేనెందుకు వస్తును నర్సమ్మా!" అని అతడు నిట్టూర్చాడు. తర్వాత తన కాళ్ళ దగ్గర పడుకొన్న కుక్కను చూపి, "మరి దీన్ని సంపమంటావా?" అని అడిగాడు.

"వద్దప్పా. కార్జం దానికి ఏయొద్దు, గుంత తీసి పూడ్చు. చేతులు కడుక్కొని తిను. అంతే."

అతడు ఒక షరతు పెట్టాడు. ఏం చేసినా ముందు తనకు చెప్పాలి. మత్తు ఎక్కేదాకా నర్సమ్మ తన పక్కనే ఉండాలి. మందను తమ్మునికి అప్పగించి, మరునాటి ఉదయం ఈరక్కను వెంటబెట్టుకొని బయలుదేరాడు. బస్సు గుంతలో పడినప్పుడల్లా జ్ఞానమణి గారు దుప్పటి మడతను అతని డొక్కకు అదిమి పట్టి, "నిదానమప్పా, నిదానం!" అని డ్రైవరును హెచ్చరిస్తూనే ఉన్నారు. "ఇంగా నిదానమంటే నేను దిగి తోసుకుంటా రావల్ల తల్లీ!" అన్నాడు డ్రైవరు. కర్నూలు చేరేంతవరకు వారు ఆ చేయి తీయలేదు.

డాక్టర్ ప్రకాశం గారు ఈ వృత్తాంతమంతా విని, ఒక ముక్కాలిపీట తెప్పించుకొని, చిన్న ఈరన్న మంచం పక్కన కూర్చున్నారు. ఎక్కడ కోసేదీ, ఎంతసేపు పట్టేదీ, ప్రమాదం ఏమిటో తెలుగులో చెప్పారు. చెప్పలేనిచోట ఆగి సిస్టరు వైపు చూశారు. ఈ విషయం ఈ సంచికలో వ్రాయడానికి అనుమతి కోరినప్పుడు వారు, "తప్పక వ్రాయండి. నేను రోగితో మాట్లాడటం నేర్చుకొన్నది ఆ రోజే" అన్నారు. శస్త్రచికిత్స రెండున్నర గంటలు సాగింది. తిత్తి పగలకుండా వెలుపలికి వచ్చింది. ఇరవై రెండవ రోజున చిన్న ఈరన్న తన కాళ్ళ మీద నడిచి ఇంటికి వెళ్ళాడు.

నాటి నుండి మన శస్త్రచికిత్స వార్డులో ఒక నియమం అమలులో ఉన్నది. రోగి అడిగిన మాటకు అతనికి తెలిసిన భాషలో జవాబు చెప్పకుండా వైద్యులుగాని నర్సులుగాని ఆ మంచం దగ్గరి నుండి కదలరాదు. ఈ నియమాన్ని అందరికంటే ఎక్కువ కష్టపడి పాటించినది జ్ఞానమణి గారే. కాళ్ళు తలుపు వైపు లాగుతుండగా, చేతులు ఒడిలో బిగించుకొని, వారు మంచం పక్కన కూర్చునేవారు. ఎదుటివాని ప్రశ్నలు పూర్తయ్యాకనే లేచేవారు.

ఈ మార్చి 31వ తేదీతో వారి ఉద్యోగ ధర్మం పూర్తయినది. సన్మానసభ తేదీ గురించి సంప్రదించడానికి వెళ్ళినప్పుడు, ఏప్రిల్ రెండవ తేదీ ఎంతమాత్రం వీలుపడదని వారు చెప్పారు. గుండె కవాటం బిగుసుకొని ఆయాసంతో బాధపడుతున్న వెంకటేశ్వరమ్మ అనే పందొమ్మిదేళ్ళ యువతిని ఆనాడు వేలూరు పంపుతున్నారు. ఆ అమ్మాయికి తమిళం రాదు, రైలు ఎన్నడూ ఎక్కలేదు. "నేను వస్తానని మాట ఇచ్చినా. జీతం ఆగిపోతే మాట ఆగిపోతుందా?" అన్నారు. కనుక సభను ఒకటవ తేదీకే జరుపుతున్నాము. వేలూరు నుండి వచ్చాక కడపలో తమ చెల్లెలు కృపమణి గారి ఇంట నివసిస్తారని తెలిసింది. తోటపని చేసుకుంటారట. మేము నమ్మలేదు.

విశ్రాంతిగా ఉండండని జ్ఞానమణి గారికి చెప్పడం మా శక్తికి మించిన పని. అందుచేత విశ్రాంతిని గాక, వారి మోకాళ్ళకు బలాన్నీ, కంటికి వెలుగునూ, గుండెకు నిబ్బరాన్నీ ప్రసాదించమని దైవాన్ని ప్రార్థిస్తున్నాము. వారు నిండు ఆయుష్షుతో, సంపూర్ణ ఆరోగ్యంతో, చెల్లెలి పిల్లల మధ్య చిరకాలం వర్ధిల్లాలని ఈ ఆసుపత్రి సిబ్బందీ, ఇక్కడ చికిత్స పొంది ఇళ్ళకు చేరినవారూ మనసారా కోరుకుంటున్నారు. రేపటి ప్రయాణంలో ఆ చిన్న తల్లి ఏమి అడిగినా, పక్కన కూర్చుని జవాబు చెప్పే మనిషి ఉన్నదని మాకు ధైర్యంగా ఉన్నది.