ఇరవై ఒక్క రోజుల హెల్మెట్

"బస్సు కోసం నిలబడ్డావు గానీ ఝాన్సీ, ఎవరి బండి ఎక్కనంటున్నావో తెలుసా నీకు?" అన్నాడు బసవేశ్వరరావు భార్యతో, వేమూరు బస్టాపు పక్క టీకొట్టు ముందు బండి ఆపి. "చలపతీ, రెండు టీ పెట్టవయ్యా, ఒకటి మీ పిన్నికి. సంగం జాగర్లమూడి దగ్గర ఇద్దరం కాలవలో పడ్డాం, నిజమే, కాదన్లేదు. అప్పట్నుంచీ ఈవిడ నా బండెక్కదు. తెనాలి పెళ్ళికి నేను బండి మీద, ఈవిడ బస్సులో! విడిపోయారా బాబాయ్ అని అడిగారయ్యా, తల కొట్టేసినట్టయింది నాకు.

"సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? రోడ్డు ప్రమాదాల మీద పరిశోధన చేసే పిల్ల, షారోన్ అని, బాపట్ల నుంచి వచ్చింది. ఇరవై మందికి హెల్మెట్లిచ్చింది. లోపల ఓ యంత్రం. తల వేడి, కదలిక, చప్పుడు, అన్నీ వాళ్ళ ఫోనుకి పంపిస్తుంది. ఇరవై ఒక్క రోజులు పెట్టుకోవాలి. పెట్టుకున్నా."

"నేనెప్పుడూ చూళ్ళేదే," అంది ఝాన్సీలక్ష్మి.

"గేటు దాటాక పెట్టి, గేటు ముందు తీస్తే నీకెట్లా కనపడుద్ది? రేపల్లె రోడ్డులో గేదె అడ్డమొచ్చింది. బ్రేకేశా. లెక్క చూస్తే నా బ్రేకు ముందు పడింది, దాటాలన్న ఆలోచన గేదెకి తర్వాతొచ్చింది! ఆ పిల్ల వాళ్ళ పెద్దసార్లు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. ఆ మాట జపాను దాకా పాకి, వాళ్ళో కారు పట్టుకొచ్చి, అయ్యా, మీ బుర్రలో ఉన్నది దీనికి నేర్పండన్నారు. నేర్పా. డ్రైవరు లేకుండా బాపట్ల వెళ్ళి, రైలు గేటు దగ్గర తనే ఆగి, అడ్డంగా దూరినవాణ్ణి తిట్టింది కూడా."

"ఏ భాషలో బాబాయ్?" అన్నాడు చలపతిరావు టీ వడపోస్తూ.

"మన వేమూరు భాషలోనే, నేర్పింది నేనుగా! నేను అందులో కూర్చుంటే ఎయిర్ బ్యాగులు, ఈయనుండగా మేమెందుకని ఊడి బయటికొచ్చేశాయి."

ఝాన్సీలక్ష్మి నవ్వింది. చేతిసంచీ బండి మీద పెట్టబోతూ ఆగింది. "నిజంగా పెట్టుకున్నారా?"

"అదిగో, హెల్మెట్ తీసుకెళ్ళడానికి షారోనే వస్తోంది. అడుగు!"

స్కూటీ దిగుతూనే షారోన్ కంగారుగా అంది, "బాబాయ్ గారూ, ఒంట్లో ఎలా ఉందండి? ఇరవై మందిలో మీదే రికార్డు. ఇరవై నాలుగు గంటలూ తల మీదే ఉన్నట్టు చూపిస్తోంది."

"విన్నావా!"

"కానీ వేడి నూట మూడు దగ్గరే నిలిచిపోయిందండి. జ్వరమేమోనని సార్ పంపించారు. పైగా ఈ ఇరవై ఒక్క రోజుల్లో హెల్మెట్ జానెడు దూరం కదల్లేదు. చివరి రోజు చప్పుడు వినండి." ఫోను నొక్కింది. కియ్, కియ్, కియ్ మంది.

"నా నల్ల కోడిపెట్ట!" ఝాన్సీలక్ష్మి సంచీ వెనక్కి లాక్కుంది. "నిన్న గొడ్ల సావిట్లోంచి ఎనిమిది పిల్లల్ని వెంటేసుకొచ్చింది. ఎవరు కోసుకు తిన్నారోనని పక్కింటి కావేరిని నానా మాటలూ అన్నానే! హెల్మెట్ని అది పొదిగే గడ్డిలో పడేసి, ఇక్కడ గేదెల కథలా?"

చలపతిరావు టీ గ్లాసు కింద పెట్టేసి పొట్ట పట్టుకుని నవ్వాడు. తెనాలి బస్సు వచ్చి ఆగింది. బసవేశ్వరరావు బండి అద్దానికి వేలాడుతున్న హెల్మెట్ తీసి, లోపలి గడ్డిపరకలు దులిపి, తలకి పెట్టుకుని బకిల్ నొక్కాడు.

"ఇప్పుడెక్కుతావా?" అన్నాడు నెమ్మదిగా.

ఆవిడ బస్సు మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది. "నా పెట్ట ఇరవై ఒక్క రోజులు కదలకుండా దాన్నే పట్టుకుని కూర్చుంది. మీరూ అన్నాళ్ళు పెట్టుకు తిరగండి. ఆ తర్వాత ఎక్కుతా."