కింద వదులు, పైన బిగువు

(ఆసుపత్రి రెండో అంతస్తు, చేతివాపు చూసే గది. బల్లకి ఒకవైపు ఫిజియోథెరపిస్టు, మరోవైపు రొమ్ము ఆపరేషనయిన టైలరమ్మ, ఆమె మరదలు. తలుపు అవతల బెంచీ మీద మిగతా పేషెంట్లు.)

"టేపు అలా కాదమ్మాయ్ పట్టుకునేది. మెలిపడింది చూడు. ఆ కొలతతో జాకెట్టు కుడితే చెయ్యి దూరదు."

"నేను జాకెట్టు కుట్టడం లేదమ్మా. మీ చేతి వాపు కొలుస్తున్నాను. కదలకండి."

"ఏం చేసినా కొలత కొలతే. మా కొట్లో నిన్నగాక మొన్న చేరిన పిల్ల కూడా టేపు ఇలా పట్టుకోదు."

"వదినా, కాసేపు ఊరుకోరాదూ. మేడమ్‌ని తన పని చేసుకోనియ్."

"నువ్వు మాట్లాడకు. ఈ గోలంతా నీ వల్లే. నువ్వు నా జాకెట్లకి చేతులు ఇరుకుగా కుట్టబట్టే కదా రక్తం ఆడక ఉబ్బింది."

"నేను ఇరుకుగా కుట్టలేదు."

"మూడు జాకెట్లు. మూడింటికీ కుడిచెయ్యి బిగుతు. ఎడమచెయ్యి మాత్రం లక్షణంగా ఉంటుంది. కుడి ఎడమలు తెలీకుండా కుట్టేదాన్ని నిన్నే చూశాను."

"రెండు చేతులకీ ఒకే అట్టముక్క పెట్టి గీసింది నువ్వే కదా. నేను నీ గీత మీదే కుట్టాను."

"గీత మీద కుట్టావో, గీత పక్కన కుట్టావో. ఎవరు చూడొచ్చారు?"

"ఆగండాగండి. మూడు జాకెట్లా? ఎప్పటి నుంచి బిగుతవుతున్నాయి?"

"వానలు మొదలైనప్పటి నుంచి మేడమ్. మొదటిదాన్ని విప్పి వదులు చేశాను. మళ్ళీ బిగిసింది. మళ్ళీ విప్పాను. మూడోసారికి లోపల వదలడానికి గుడ్డే లేదు. ఒకసారి చెయ్యి కొలిచి చూద్దాం వదినా అన్నాను. టేపు లాక్కుని నా మొహాన కొట్టింది."

"మొహాన కొట్టలేదు. బల్ల మీద కొట్టాను. దాని మొహం అడ్డొచ్చింది."

"అమ్మా, మీ చెయ్యే లావవుతోందేమో అని మీకు ఒక్కసారీ తట్టలేదా?"

"ఎందుకు తడుతుంది?"

"అది కాదు మేడమ్, కొట్టుకి ఎవరొచ్చి జాకెట్టు బిగుతయిందన్నా, కుట్టు బాగానే ఉంది, మీరే ఒళ్ళు చేశారు అని పంపించేస్తుంది. ఇన్నేళ్ళుగా అదే మాట. తన చెయ్యి దగ్గరికొచ్చేసరికి మాత్రం కుట్టుదే తప్పయింది."

"నన్ను ఆసుపత్రికి తీసుకొచ్చావా, నా పరువు తియ్యడానికి తీసుకొచ్చావా?"

"నువ్వు రానంటే రానని కూర్చుంటే బతిమాలి తీసుకొచ్చాను."

"బతిమాలడం నేర్చుకున్నట్టు కాజా కుట్టడం నేర్చుకున్నా బాగుపడేదానివి."

"ఇద్దరూ ఇటు చూడండి. ఇదిగో, ఇక్కడ బొటనవేలితో నొక్కుతున్నాను. నొప్పిగా ఉందా?"

"లేదు."

"వేలు తీశాను. గుంట కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది."

"ఇప్పుడు ఎడమచేతికి నొక్కుతాను. తీశాను. గుంట ఉందా?"

"లేదు."

"కుడిచేతిలో నీరు చేరిందమ్మా. ఆపరేషన్‌లో మీ చంకలో గ్రంథులు కొన్ని తీసేశారు. చేతిలోంచి నీరు పైకి వెళ్ళే దారి అదే. తర్వాత రేడియేషన్ ఇచ్చారు, ఉన్న దారి ఇంకా ఇరుకయింది. అందుకే అక్కడ నిలిచిపోతోంది. దీన్ని లింఫిడీమా అంటారు. ఇదంతా మిమ్మల్ని డిశ్చార్జి చేసిన రోజే కూర్చోబెట్టి చెప్పాను."

"చెప్పావు. నువ్వు చెబుతున్నంతసేపూ నీ కోటు అంచు ఊడి వేలాడుతోంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఇవాళ్టికీ అలాగే ఉంది."

"కోటు సంగతి తర్వాత. అప్పుడు చెప్పినవాటిలో ఒక్క మాటైనా చెవినెక్కిందా?"

"ఎందుకెక్కలేదు. చర్మం ఎండకుండా క్రీము రాసుకోవాలి. ఆ చేతికి బీపీ చూడనివ్వకూడదు. సూది గుచ్చుకోకూడదు. టైలరుతో సూది గుచ్చుకోకూడదట. వంటావిడతో పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దన్నట్టుంది."

"గుచ్చుకోకూడదు అనలేదు. గుచ్చుకుంటే ఊరుకోవద్దన్నాను. వెంటనే కడిగి మందు రాయమన్నాను. వేలికి టోపీ పెట్టుకుని కుట్టమన్నాను. చెయ్యి ఎర్రబడి జ్వరం వస్తే ఆ రోజే పరుగెత్తుకు రమ్మన్నాను."

"ఎర్రబడలేదు. జ్వరమూ లేదు."

"వేడి తగలనివ్వద్దని కూడా చెప్పాను."

"పక్క కొట్టావిడ కాపడం పెట్టమంటే నాలుగు రోజులు పెట్టింది మేడమ్."

"నిన్నడిగారా?"

"కాపడమా? అమ్మా, వేడి పెడితే వాపు ఇంకా పెరుగుతుంది."

"అదీ తెలిసింది. నాలుగు రోజులు పెట్టి ఆపేశాను. ఆవిడకి గుండీ ఊడితే సూదిలో దారం ఎక్కించడం రాదు, నాకు వైద్యం చెప్పొచ్చింది. నాదే బుద్ధి తక్కువ."

"ఇప్పుడు ఎలా ఉంది చెయ్యి? నిజం చెప్పండి."

"బరువుగా ఉంటుంది. అంతే."

"అంతేనా?"

"అంతే అన్నాను కదా."

"గుప్పెట బిగించండి. పూర్తిగా. ఇంకా. ఇంతేనా వస్తోంది?"

"పొద్దున పూట ఇంకాస్త వస్తుంది. సాయంత్రానికి కత్తెర పట్టుకుంటే వేళ్ళు మూసుకోవు."

"ఎప్పుడూ చెప్పలేదేం వదినా?"

"చెబితే? నువ్వు కత్తిరిస్తావా? నీ చెయ్యి మీద నాకు నమ్మకముంటే ఇన్నేళ్ళూ నీ చేత గుండీలు కుట్టిస్తానా?"

"సాయంత్రం పూట నువ్వు గుడ్డ పరిచి, రేపు చూద్దాంలే అని మడిచేస్తుంటే... ఓపిక లేదనుకున్నాను."

"నీకు అనుకోవడం తప్ప ఏం వచ్చు? అమ్మాయ్, ముందు ఒక్క మాట చెప్పు. ఈ చెయ్యి కత్తెరకి పనికొస్తుందా, రాదా? కొట్టంతా ఈ చేతి మీద నడుస్తోంది. మిగతా పాఠం తర్వాత చెబుదువుగాని."

"ఇప్పటికైనా వచ్చారు కాబట్టి దారికి తెచ్చుకోవచ్చు. ఇలాగే వదిలేస్తే లోపల గట్టిపడిపోతుంది. అప్పుడు కత్తెర కాదు కదా, దువ్వెన పట్టుకోవడం కూడా కష్టమవుతుంది. సరే, చేతికి బిగువుగా తొడుక్కోమని ఇచ్చిన స్లీవ్ వేసుకుంటున్నారా?"

"ఆ గొట్టమా? వేసుకుంటున్నాను."

"రోజూ?"

"రోజూ. నిద్ర లేచి మొహం కడుక్కోగానే తొడుక్కుంటాను, పడుకునే ముందు తీస్తాను. అడుగు దీన్ని."

"అది నిజమే మేడమ్. ఒక్క రోజు కూడా మానలేదు."

"అందుకే అడుగుతున్నాను. నీ మాట విన్నందుకు నాకు దక్కిందేంటి? వినకుండా ఉన్నా ఈ వాపే వచ్చేది, ఉక్కపోతైనా తప్పేది."

"నాకూ అదే అర్థం కావట్లేదు. రోజూ వేసుకునేవాళ్ళకి ఇంత పెరగకూడదు. వెంట తెచ్చారా?"

"సంచిలో ఉంది. తియ్యవే. అలా గుంజి లాగకు, అదేమన్నా మసిగుడ్డా? నెమ్మదిగా."

"ఇదిగోండి మేడమ్."

"ఇది... ఇది మేమిచ్చింది కాదే."

"మీరిచ్చిందే. కాకపోతే మనిషి వేసుకునేలా చేశాను."

"ఏం చేశారు?"

"ఏం చేశాననా? మీ సరుకు సంగతి ముందు విను. కుట్టు వంకర. కొలత తప్పు. మణికట్టు దగ్గర ఊపిరాడనివ్వదు, పైకి పోయేకొద్దీ వదులు. చంక కింది నుంచి జారి జారి మోచేతి మీద ముడతలు పడేది. కుట్టినవాడెవడో గానీ తలకిందులుగా కుట్టాడు. నా కొట్లో ఎవరైనా ఇలా కుడితే ఆ పూటే పంపించేస్తాను. పేషెంట్లు కదా, ఏమిచ్చినా తొడుక్కుంటారని మీ ధీమా."

"అందుకని విప్పేశారా?"

"విప్పాను. మణికట్టు దగ్గర సాగే గుడ్డతో పట్టీ వేసి వదులు చేశాను. కత్తెర పట్టేదాన్ని, మణికట్టు ఆడాలా వద్దా? పైన జారకుండా లోపలికి మడిచి ఎలాస్టిక్ వేశాను. ఎక్కడ కుట్టానో కనిపెట్టు చూద్దాం. లోపలికి తిప్పి చూసినా కనపడదు."

"కనపడట్లేదు. కుట్టు చాలా బాగుంది."

"మరి."

"అమ్మా, టూత్‌పేస్టు అయిపోవస్తే మీరు ఎక్కడ నొక్కుతారు?"

"ఇదేం ప్రశ్న. అడుగున."

"ఎందుకని?"

"అడుగున నొక్కితేనే కదా పైకొస్తుంది."

"పైన మూత గట్టిగా బిగించి, అడుగున వదిలేస్తే?"

"ఎలా వస్తుంది? అడుగునే ఉండిపోతుంది."

"మీ చేతికి అడుగు మణికట్టు. అక్కడ గట్టిగా పట్టుకోవాలి, పైకి పోయేకొద్దీ వదులవ్వాలి. అప్పుడే నీరు కింది నుంచి పైకి కదులుతుంది. అది ఎవరో తప్పు కుట్టింది కాదు. కావాలని, లెక్క కట్టి అలా నేస్తారు."

"జారేది కదా."

"జారితే నా దగ్గరికి రావాలి. ఇంకో సైజు ఇచ్చేదాన్ని. మీరు పైన ఎలాస్టిక్ వేసి మూత బిగించారు. రోజూ, పొద్దున్నుంచి పడుకునేదాకా."

"నేను అప్పుడే అన్నాను. ఆసుపత్రి వస్తువు, విప్పొద్దు వదినా, అడిగి చేద్దాం అని."

"అన్నావు. నువ్వు రోజుకి వంద అంటావు. అందులో ఏది వినాలో, ఏది వదలాలో నాకెలా తెలుస్తుంది?"

"ఎప్పుడు మార్చారు దీన్ని?"

"ఇచ్చిన వారంలోనే."

"అంటే వానలకి ముందు. ఆ తర్వాతే జాకెట్లు బిగియడం మొదలయింది."

"తెలిసింది. మళ్ళీ మళ్ళీ చెప్పక్కర్లేదు."

"మీకు బాధగా ఉంటుందని తెలుసు—"

"బాధేం కాదు. తొడుక్కుంటే హాయిగా ఉండేది. అందుకని మంచిదనుకున్నాను. జాకెట్టుకి హాయిగా ఉండటమే కొలత. దీనికి కాదని ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పాను."

"నీ కోటు అంచు చూస్తూ కూర్చున్నానని చెప్పాను కదా."

"సరే, అయిందేదో అయింది. ఇవాళ్టి నుంచి కట్లు కడతాను. వేళ్ళ దగ్గర్నుంచి చంక దాకా, పొర మీద పొర. మూడు వారాలు రోజూ రావాలి. నీరు పైకి తోసే మర్దన ఉంటుంది, గట్టిగా రుద్దడం కాదు, చర్మాన్ని మెల్లగా జరపడం. అది ఇంట్లో ఎవరో ఒకరు నేర్చుకోవాలి."

"నేను నేర్చుకుంటాను మేడమ్."

"ఇది నా చెయ్యి రుద్దుతుందా. దొరికిందే సందని పగ తీర్చుకుంటుంది."

"తీర్చుకోవాలంటే ఎప్పుడో తీర్చుకునేదాన్ని వదినా. నీ కాఫీ కూడా నేనే కలుపుతాను."

"చేతి వ్యాయామాలు కట్టు ఉండగానే చెయ్యాలి. వాపు దిగాక కొత్తగా కొలిచి కొత్త స్లీవ్ ఇస్తాను. అది మీ కొట్లో మిషన్ దరిదాపులకి కూడా వెళ్ళకూడదు."

"కటింగ్?"

"ఈ మూడు వారాలూ మీ మరదలికి ఇవ్వండి."

"దీనికా? దిండు గలేబు కూడా తిన్నగా కత్తిరించలేదు."

"నువ్వు మధ్యాహ్నం పడుకున్నప్పుడు రెండు జాకెట్లు కత్తిరించాను. మొన్న తీసుకెళ్ళినావిడ బాగుందంది."

"ఏవి? ఆ ఆకుపచ్చవా? అవి నేను కత్తిరించాననుకున్నాను."

"నువ్వు అలాగే అనుకున్నావు. నేనేం అనలేదు."

"సరే ఏడువు. చిన్న కత్తెర వాడు. పెద్దది ముట్టుకోకు. అమ్మాయ్, ఇంతకీ తగ్గుతుంది కదా? తప్పించుకోకుండా చెప్పు."

"పూర్తిగా మాయమవుతుందని చెప్పను. ఈ చేతిని జీవితాంతం కనిపెట్టుకుని ఉండాలి. కానీ వాపు దిగుతుంది, గుప్పెట బిగుస్తుంది, మీ పెద్ద కత్తెర మీరే పడతారు. నెలల తరబడి వేసుకున్నారు కాబట్టి ఇంత దూరం వచ్చింది. ఒక పూటో, ఒక రోజో అయితే విప్పి పారేస్తే సరిపోయేది."

"ఒక పూటయితే ఏం కాదా?"

"వెంటనే తీసేస్తే దాదాపు ఏమీ కాదు. ఎందుకు?"

"ఊరికే. అప్పుడే వాపున్నవాళ్ళకో?"

"వాళ్ళకి పూటైనా మంచిది కాదు. ఇక బయట కూర్చోండమ్మా. పట్టీలు తెప్పించి పిలుస్తాను. వెళ్తూ తర్వాతావిడని లోపలికి పంపండి."

"లే వదినా. లేవవేం? కాళ్ళు తిమ్మిరెక్కాయా?"

"తలుపెయ్యి."

"ఎందుకు?"

"వెయ్యమన్నాను కదే."

"వేశాను."

"అమ్మాయ్, మొన్న నువ్వు సెలవులో ఉన్నావు. అందరం ఆ బెంచీ మీద కూర్చుని కూర్చుని వెనక్కి పోయాం."

"అవును. అందుకే ఇవాళ అందరినీ రమ్మన్నాను. ఏమైందమ్మా?"

"కూర్చున్నంతసేపూ వాళ్ళది ఒకటే ఏడుపు. మణికట్టు దగ్గర కోసుకుపోతోందని ఒకావిడ, పైన జారిపోతోందని ఇంకొకావిడ. ఆసుపత్రివాళ్ళకి కుట్టు చేతకాదు, ఇటివ్వండి అన్నాను."

"వదినా..."

"ఎవరెవరివి తీసుకున్నారు?"

"అందరివీ. నాదానిలాగే మార్చి తెచ్చి, పొద్దున్న నా చేత్తోనే తొడిగి కూర్చోబెట్టాను."