రెండు వేళ్ల గుడ్డ

హలో… ఆ, నేనేరా తమ్ముడూ, అక్కని. ఏం మోతరా ఆ మిషన్లు! కాస్త బయటికి రా…

వచ్చావా? పక్కింటి పిన్ని ఏం మోసుకొచ్చిందో విను. నిన్న బళ్లో లెక్కల మాస్టారు సుద్దముక్క కోసం వంగారట. ప్యాంటు వెనకాల పర్రున చిరిగిందట. పిల్లలు ఒకటే గోల… నవ్వకు! అది మీ ఫ్యాక్టరీ ప్యాంటే. లేబుల్ మీద ‘కత్తెరక్క’ అని నా పేరే ఉంది.

…పెట్టుకోమన్నాను. కాదన్నానా?

పొద్దున నా దగ్గరికే తెచ్చారు పాపం, “కాస్త వదులు చేసిపెట్టమ్మా” అని. విప్పి చూద్దును కదా… కుట్టు లోపల గుడ్డేదిరా? గోరంత లేదు!

…దండగా? నాన్న రెండు వేళ్ల గుడ్డ లోపలికి వదిలేవాడు, మనిషి ఒళ్లు చేస్తే విప్పి కుట్టడానికి. నీ కోటు ఎన్నిసార్లు వదులు చేశానో నీ పొట్టనడుగు…

సరే, నీ ఫ్యాక్టరీ, నీ ఇష్టం. నా అట్టల్ని ఏం చేశావ్?… ఏ అట్టలేంటి! నాన్న కొలతలేసి కోసినవి. గుడ్డ మీద పెట్టి చుట్టూ సుద్దతో గీస్తానే, అవి. “ఫొటోలు తీసుకుని ఇచ్చేస్తానక్కా” అని పట్టుకెళ్లావే…

ఇచ్చావు. ఎవరు లేదన్నారు? గుడ్డ మిగులుతుందని చుట్టూ ఆ రెండు వేళ్ల అంచు కోసేసి ఇచ్చావు!

…చెప్పడం మర్చిపోయావా?

నిన్న డాక్టరమ్మ కోటుకి ఆ అట్టే పెట్టాను. ముప్పై ఏళ్ల అలవాటు… టేపు పెట్టి చూడలేదు. గీశాను, కోశాను. రెండు పక్కలా తక్కువ… లేదురా, అతుకేస్తే కనపడుతుంది. వాళ్లాయన బతికుండగా కొన్న గుడ్డ. ఇన్నాళ్లూ బీరువాలో దాచుకుని, “నీ చెయ్యయితేనే ఇస్తా” అని నాకిచ్చింది…

కొత్తది కొనిస్తావా? ఏ కొట్లో?

…నన్నా? మీ దగ్గర సూపర్‌వైజరా? ఊరికే కూర్చుంటే చాలా?… అది తర్వాత. ముందు ఒక్క పని చెయ్యి. సాయంత్రం ఆవిడొస్తుంది. నువ్వొచ్చి పక్కన నిలబడు. “మా అక్క చెయ్యి తప్పలేదండీ, అట్ట కోసింది నేను” అను. అంతే…

మీటింగుందా?

…నన్నే ఏదో ఒకటి చెప్పుకోమంటావా?

చెప్తాలే. కత్తెరక్కే పాడుచేసిందని చెప్తా. లేబుల్ మీదున్న పేరదేగా…

హలో?

…హలో?