ఏం చేద్దాం టీచరమ్మ

ఏంటీ, రేపు మీటింగులో నిన్ను మాట్లాడమన్నారా? అందుకా పొద్దున్నించీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు! ఇలా వచ్చి కూర్చో. ఆ బట్టలు పక్కకి జరుపు, కత్తెర చూసుకో. నీకు భయమేంటే, నువ్వెవరి మనవరాలివి? నవ్వకు. ఈ మిషను ముందు కూర్చుని చొక్కాలకి కాజాలు కుట్టుకునే నన్ను తీసుకెళ్ళి ఆఫీసరు ముందు నిలబెట్టిందొకావిడ. మీ అమ్మ చెప్పలేదూ? ఏం చేద్దాం టీచరమ్మ. అసలు పేరు ఇంకేదో ఉండేదిలే, మేం అలా పిలిచీ పిలిచీ ఆవిడ కూడా దానికే పలికేది.

ఏదో సంస్థ ఆవిణ్ణి మా ఊరికి పంపిందట. ఊళ్ళో కొంతమందిని పోగుచేసి నాయకులుగా తయారుచెయ్యాలి, జీతం లేదు, ఉత్త ట్రైనింగే. బడి వదిలాక ఆ గదిలోనే క్లాసులు. ఎవరొస్తారు చెప్పు? మా ఆడపడుచు మొగుడు ఉండేవాడు, నాకు అన్నయ్య వరస, ఊరంతా మైకు అనేది ఆయన్ని. ఆయన ముందు వరసలో కూర్చున్నాడు, నాయకుడంటే తనే కదా మరి. పిండిమర ఆయన వచ్చాడు. నేను... బడి మా పక్కిల్లే, ఏం జరుగుతోందో చూద్దామని వెళ్ళా. తీరా చూస్తే ఈవిడ ఇంతే ఉంది, రబ్బరు చెప్పులు, భుజానికో సంచీ. మాట్లాడితే రెండో వరసకి వినపడదు. "ఈవిడా మనల్ని నాయకుల్ని చేసేది? ముందు ఈవిడకి గొంతు తెప్పించండ్రా!" అన్నాడు మైకన్నయ్య, అది మాత్రం వీధి చివరిదాకా వినపడింది.

మొదటిరోజు ఒకటే అడిగింది, మీ ఊళ్ళో ఏం బాగోలేదు అని. ఇంక చూస్కో! పంపు పాడైందని ఒకరు, కాలవ పూడిందని ఒకరు. అందరూ చివరికి చెయ్యి ఇలా తిప్పేసి "ఏం చేద్దాం..." అని ఒక నిట్టూర్పు. మనం అంటాం కదా, అలాగే. అది ప్రశ్నా ఏమన్నానా? తలుపేసి తాళం పెట్టడం. ఈవిడేమో కుర్చీ ముందుకి జరుపుకుని, "అదే నేనూ అడుగుతున్నా. ఏం చేద్దాం?" అంది. అని ఊరుకుంది. ఊరుకోవడమంటే మామూలుగా కాదమ్మా, జవాబొచ్చేదాకా కళ్ళు తిప్పదు. పిండిమర ఆయన తన మర ముందు వీధిదీపం వెలగట్లేదని మొదలెట్టినవాడు, అటు చూశాడు, ఇటు చూశాడు, చెమట తుడుచుకున్నాడు. "అంటే... స్తంభం మీద నెంబరుంటుంది, అది కరెంటాఫీసులో చెప్పచ్చనుకో" అన్నాడు. "ఎవరు చెప్దాం?" "నేనే చెప్తా, ఇంకెవరు చెప్తారు!" అని విసుక్కున్నాడు పాపం. ఆ వారంలోనే దీపం వెలిగింది. అదిగో, అప్పట్నించీ ఊళ్ళో ఆ మాట ఎవరన్నా పక్కవాడు పట్టుకునేవాడు, "చెప్పు, ఏం చేద్దాం?" అని. మీ తాత కూరలో ఉప్పు ఎక్కువైంది, ఏం చేద్దాం అంటే నేనూ కుర్చీ లాక్కుని కూర్చున్నా. మర్నాడు వంట ఆయనే చేశాడు, అది వేరే కథ. "ఈవిడొచ్చాక ఊళ్ళో మనశ్శాంతిగా నిట్టూర్చడానిక్కూడా లేకుండా పోయింది" అనేవాడు మైకన్నయ్య.

సరే, ఎక్కడున్నాం? ఆఁ, ఆ ఆఫీసరు సంగతి, బస్సు గొడవ. మీ అమ్మ అప్పుడు టౌన్లో హైస్కూలు. ఉన్నది ఒకే బస్సు, అదీ బడి గంట కొట్టాకే టౌను చేరేది, అది కూడా వచ్చే నెల నించి రద్దన్నారు. మీ తాత "అంత దూరం నడిచి ఏం వెళ్తుంది, చదివింది చాలు, మిషను నేర్పించు" అనేశాడు. మీ అమ్మ ఏడవలేదు తెలుసా. పుస్తకాలు గూట్లో సర్దేసి, నా పక్కన కూర్చుని గుండీలు ఏరడం మొదలెట్టింది. దాన్ని అలా చూడలేకపోయానే. తిన్నగా క్లాసుకెళ్ళి, "నువ్వు చదువుకున్నదానివి, నువ్వొచ్చి డిపోలో చెప్పచ్చు కదా!" అని మండిపడ్డా. "నేను చెప్తే ఈసారి ఆపరేమో. మళ్ళీ ఆపినప్పుడు నేనెక్కడుంటానో" అంది. మైకన్నయ్య చొక్కా సర్దుకుని లేచాడు. "మీరు కూర్చోండన్నయ్యా, చదువు ఆగేది ఆవిడ కూతురిది" అంది. ఇంక నాకు ట్రైనింగు! పిండిమర ఆయన దగ్గర కళ్ళజోడు లాక్కుని ముక్కు చివర పెట్టుకుని, కాళ్ళు బల్ల మీద పెట్టి, ఈవిడే ఆఫీసరు. "ఏంటమ్మా! పనుంది నాకు, తెమల్చు!" ఎక్కడ దాచిందో ఆ గొంతు, కిటికీలు అదిరాయి. నేను మొదట భోరుమన్నా. రోజూ అదే తంతు. చివరికొకరోజు నాకు తిక్కరేగి, "ముందు కాళ్ళు దించి మాట్లాడండి సార్!" అని అరిచా. గదంతా చప్పట్లు. ఆవిడ కళ్ళజోడు తీసేసి, ఇంక నువ్వెళ్ళచ్చు అంది.

టీచరమ్మ డిపోకి వచ్చింది, లోపలికి మాత్రం రాలేదు. బయట బల్ల మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది. లోపల చూస్తే ఆ ఆఫీసరు మహా మెత్తటి మనిషి! లేచి నిలబడ్డాడు, కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. నేను దెబ్బలాటకి సిద్ధమై వెళ్తే ఈయన మర్యాద చేస్తాడేంటి? నేర్చుకున్నదంతా గాల్లో కలిసిపోయింది. "నిజమేనమ్మా, పిల్లలకి కష్టమే. కానీ బస్సు ఖాళీగా తిరుగుతోంది, పైవాళ్ళు వద్దంటున్నారు. ఏం చేద్దాం..." అని చెయ్యి ఇలా తిప్పాడు. అంతే! నేను ఆలోచించలేదు, ఒట్టు. అలవాటు. కుర్చీ ముందుకి జరుపుకుని "అదే నేనూ అడుగుతున్నా సార్, ఏం చేద్దాం?" అన్నా. అని ఊరుకున్నా. తోడొచ్చి నా వెనక నిలబడ్డ మైకన్నయ్య, ఆయన కూడా పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు మూసుకున్నాడు. ఆఫీసరు కాగితం చూశాడు, గోడ చూశాడు, నన్ను చూశాడు. "అంటే... బడి మొదలయ్యాక చేరుతోంది కదా బస్సు, అది ముందుకి జరిపితే... దారిలో ఊళ్ళ పిల్లలూ ఎక్కుతారు. వాళ్ళతో ఎవరు మాట్లాడతారు?" "నేనే మాట్లాడతా, ఇంకెవరు మాట్లాడతారు!" అన్నా. ఇల్లిల్లూ తిరిగా. బస్సు నిలబడింది, మీ అమ్మ చదువూ నిలబడింది. ఆవేళ బయటికొస్తే టీచరమ్మ అడిగిందొక్కటే, "కాళ్ళు దించాడా?" అని.

తర్వాత ఎన్ని ఊళ్ళు తిరిగిందో. చివరికి జబ్బుపడి చేరింది ఎక్కడనుకున్నావ్, మీ అమ్మ నర్సుగా ఉన్న వార్డులోనే. చూడ్డానికెళ్ళా. దుప్పట్లో మనిషే కనపడట్లేదు. "కొండ కింది ఊళ్ళో సోమవారం కొత్తవాళ్ళకి క్లాసు మొదలెట్టాలి, డాక్టరు లేవద్దంటున్నాడు" అంది. అని, చెయ్యి ఇలా తిప్పి, "ఏం చేద్దాం..." అంది. ఆ రాగంలో ఆవిడ నోట ఎప్పుడూ వినలేదమ్మా నేను. అయినా ఊరుకుంటానా? స్టూలు ముందుకి జరుపుకుని, "అదే నేనూ అడుగుతున్నా టీచరమ్మా. ఏం చేద్దాం?" అన్నా. నన్నే చూసి చూసి, ఒకటే నవ్వు. నవ్వి నవ్వి దగ్గొచ్చేసింది, మీ అమ్మ పరిగెత్తుకొచ్చి ఇద్దర్నీ కేకలేసింది. "నువ్వెళ్తావా?" అంది. "వెళ్తా, ఇంకెవరెళ్తారు!"

వెళ్ళా. గది నిండా జనం, అందరూ చేతులు తిప్పేవాళ్ళే. ఆవిడ నేర్పినట్టే కుర్చీ ముందుకి జరుపుకున్నా. అమ్మో, భలే జరిగిందిలే! ఎవరేమన్నారో, ఎవరు ముందు లేచారో, ఆవిడకి ఎలా చెప్పాలో బస్సులో వస్తున్నంతసేపూ నాలో నేనే అనుకుంటూ వచ్చా, నవ్వుకుంటూ. వార్డులోకెళ్తే మంచం మీద కొత్త దుప్పటి పరిచుంది. మీ అమ్మ దిండు గలీబు పట్టుకుని నిలబడింది, తొడగట్లేదు. ఎవరికి చెప్పను ఇదంతా?

ఏం చే...

ఆఁ. ఆ సూదిలో దారం ఎక్కించిపెట్టు, నాకు కనపడి చావట్లేదు.