కప్తాను పేరున బియ్యం

ఏంది రాజీ, రెండో కుప్ప ఎవలిదంటవా? పెత్తరమాస నాడు మీ లింబాద్రి తాత పోయినోళ్ల పేరున అయ్యగారికి బియ్యం ఇయ్యంగ సూసినవా? ఒక కుప్ప మా చెల్లె దేవవ్వది, మీ అమ్మమ్మది, గది ఎరికే గద. రెండోది... జర కూసో, మొదట్నుంచి చెప్పాలె.

మా చెల్లె ఎల్లారెడ్డిల బీడీలు చేసేది. మీ తాత "పోయొస్త" అని దుబాయి పోయిండు. గంతే, ఫోను లేదు, జాడ లేదు. ఏండ్లు గడిచినయి. అత్తగారింటోళ్లు మొదలువెట్టిండ్రు, "ఇంక యాడున్నడు పిల్లా, పెత్తరమాసకు బియ్యమియ్యి, ఆత్మన్న సల్లవడ్తది" అని. బియ్యమిచ్చుడంటే ఊకెనా? బొట్టు తియ్యాలె, మట్టెలు తియ్యాలె. చెల్లె చాట ఒళ్లె పెట్టుకోని ఆకు కత్తిరించుకుంట కూసుంటది. నాకు పానం ఆగలే. అప్పుడు నేను కామారెడ్డిల టాకీసు గేటుకాడ టికెట్లు చింపుతుంటి. తీస్కపోయి సినిమాల కూసోవెట్టిన. రెండువేల తొమ్మిదిల. తెలుగుల మాట్లాడే ఇంగ్లీషు సినిమా, సుక్కలల్ల ఓడలు తిరుగుతయి. నాకైతె తలా తోకా తెలువలే. అండ్ల ఒక కప్తాను. హీరో కాదు, విలను కాదు, గింతంత ఏషం. ఓడ పలుగుతాంటె అందర్ని చిన్న ఓడలల్ల ఎక్కిచ్చి, "మీరు నడువుండ్రి, నేనొస్త" అంటడు. ఓడ చీకట్ల కలుస్తది, ఇగ ఎవ్వడు ఆని ఊసెత్తడు. బస్సుల మా చెల్లె అడిగింది, "అన్నా, ఆ కప్తాను సచ్చిండా?" ఏమోనే, చూపెట్టలే అన్న. "చూపెట్టలే గద!" అన్నది.

ఇగ పట్టుకున్నది. పెత్తరమాస ఒచ్చినప్పుడల్ల అత్త బియ్యం చాట ముందట పెడితే, "ఆ కప్తాను సంగతి తేలనియ్యుండ్రి. ఆడు సచ్చిండంటే ఇద్దరికీ ఒక్కనాడే ఇస్త" అంటది. అత్త ముక్కుమీద ఏలేసుకున్నది, "ఏ ఊరి కప్తానే వాడు?" బీడీలు చేసే ఆడోళ్లు పడిపడి నవ్విండ్రు. ఇది నవ్వలే.

రెండువేల పన్నెండుల రెండో పార్టు ఒచ్చింది. నా గుండెల రాయి పడ్డది. ఆని పీనుగు చూపెడితే? మాట మీద నిలవడే మనిషి, మట్టెలు తీస్తది. అబద్ధమన్న చెప్దామనుకొని, గేటు ఇడిచిపెట్టి లోపట నిలవడ్డ. ఇంటర్వెల్ దాటింది, లేడు. ఎప్పుడో ఒక తలుపు తెరుసుకున్నది... గడ్డం పెంచుకోని, బక్కగై, ఆడే! నేను ఒర్రిన రాజీ! పిలగాండ్లు "ఏమైందే తాతా" అంటుండ్రు. ఎల్లారెడ్డి బస్సుల నిలవడే పోయిన. వాకిట్లకెల్లే "బతికున్నడే చెల్లె" అన్న. ఎవలని అడగలే. చాట కిందవెట్టి, కొంగు మొకానికి పెట్టుకోని ఏడ్సింది. అన్ని దినాలు ఏడ్వని మనిషి. ఏడ్సి, లేచి, పప్పు బెల్లం పెట్టి బచ్చాలు చేసి వాడకట్టంత పంచింది.

మల్లేడు దుబాయిల కాగితాలు లేనోళ్లను మాఫీ చేసి పంపుతుంటె, మీ తాత దిగిండు. గడ్డం పెంచుకోని, బక్కగై. కంపెనీకెల్లి పారిపోయి ఎడారిల ఒంటెలు కాసిండట, ఫోను చేస్తే దొరికిపోతనని భయమట. అందరం నోరు తెరిస్తే, ఇది మాత్రం "కాళ్లు కడుక్కో, అన్నం పెడ్త" అన్నది. నాకైతె బిడ్డా, నెత్తిమీది మూట దింపినట్టయింది. మస్తు దినాలకు కంటినిండ నిద్రవోయిన.

ఏడాది కాకముందే చెల్లె జెరమొచ్చి పోయింది. బొట్టుతోటి, మట్టెలతోటి పోయింది. నాకు గదే సంబురం. ఆ ఎనుక మూడో పార్టొస్తే మీ తాత నేనూ వస్తన్నడు, "నన్ను బతికిచ్చినోన్ని సూడాలె" అని. అండ్ల కప్తాను నిజంగనే సచ్చిండు, మా కండ్లముందటనే. చెల్లె సూడకపాయె, మంచిగనే అయిందనుకున్న. మీ తాత అయితె పెత్తరమాసకు అయ్యగారి ముందట రెండు కుప్పలు పోసిండు. అయ్యగారు, "రెండోది ఎవరిదయ్యా? గోత్రమేంది?" అన్నడు. కప్తానుకు యాడి గోత్రం! నాకు నవ్వొచ్చింది. మీ తాత నవ్వలే. "మాదే సదువుండ్రి అయ్యా," అన్నడు, "మా ఇంటోడే."

...

పో బిడ్డా, చాయ్ పెట్టు.