నవత చెయ్యి

సూరత్, కోసాడ్ ఆవాస్ కాలనీ. కింది అంతస్తులో క్రైస్తవ మిషన్ వాళ్ళు పిల్లలకు ట్యూషన్ చెప్పే గది. మధ్యాహ్నం మూడు గంటలు. గుమ్మంలో పోశమ్మ. లోపల టీచరు కృపామణి, ఆమె వెనక చేతికి పిండికట్టుతో పోశమ్మ మనవరాలు నవత.

"గా మాటలన్ని నాకు చెప్పకు. పిల్లను ఇయ్యి. గంతే."

"ముందు లోపలికి రండి, పోశమ్మగారూ. గుమ్మంలో నిలబడి అరిస్తే..."

"అరుస్త. వినని. నాలుగు బిల్డింగులు వినని. పొద్దుగాల లేచి చూస్తె పక్కల పిల్ల లేదు. పదకొండేండ్ల పిల్లను ఎత్కపోయినవ్. దొంగతనం గాదా ఇది?"

"నేను ఎత్తుకురాలేదు. తనే వచ్చింది. ఆరింటికి తలుపు తీసేసరికి ఇదిగో, ఈ మెట్టు మీద కూర్చుని ఉంది. ఎడమ చెయ్యి కుడిచేత్తో పట్టుకుని. ఏడవను కూడా లేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఎముక విరిగింది."

"నేను కట్టు కట్టిన గదా రాత్రి. పసుపు పెట్టి, మెత్తటి గుడ్డ సుట్టి..."

"విరిగిన ఎముకకి పసుపా?"

"విరిగిందని నాకేం ఎరుక? బెణికిందనుకున్న."

"ఎలా బెణికింది?"

"మెట్ల మీద పడ్డది."

"పొద్దున నేను ఫోన్ చేస్తే బాత్రూంలో జారిందన్నారు."

"బాత్రూంల జారింది. మెట్ల మీద గూడ పడ్డది. పిల్ల గదా, రెండుసార్లు పడొద్దా?"

"పోశమ్మగారూ!"

"ఏంది పోశమ్మగారు, పోశమ్మగారు? పిల్లను ఇయ్యమంటున్న."

"డాక్టరమ్మ మన తెలుగావిడే. ఎక్స్‌రే ఫోటో వెలుగుకి పట్టి చూసి ఒకటే మాట అంది. పడితే ఇలా విరగదు, దెబ్బ పడుతుంటే మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే ఇలా విరుగుతుంది అంది."

"ఆమె చూసిందా? మా ఇంట్ల ఉన్నదా ఆమె?"

"మీరున్నారుగా. మీరు చెప్పండి."

"నేనేం చెప్పాలె?"

"నరహరి దేంతో కొట్టాడు?"

"నా కొడుకు పేరు తియ్యకు."

"ఎందుకు తియ్యకూడదు? తాగి వచ్చి అతను గిన్నెలు విసిరితే పై అంతస్తు వాళ్ళు తలుపులు వేసుకుంటారు. వాళ్ళందరూ నాకు చెప్పినవాళ్ళే. పోలీసులకి చెప్పమంటే మాత్రం మాకేం తెలీదంటారు. మీ కొడుకు పేరు ఈ కోసాడ్‌లో ఎవరికి తెలీదు?"

"వాడు పన్నెండు గంటలు బట్ట నేసే సాంచాల మధ్యల నిలవడి పని చేస్తడు. చెవులు పోయినయ్. ఆ మోతల నువ్వొక్క దినం నిలవడు, తెలుస్తది."

"అందరూ నిలబడుతున్నారు. అందరూ పిల్లల్ని కొడుతున్నారా?"

"నీకు మా ఇంట్ల ఏం పని? యాడి బాపట్ల, యాడి సూరత్! అంత దూరం నుంచి మా పిల్లల కోసమే వచ్చినవా? మా కులసంఘం పెద్ద పరుశురాం చెప్పిండు నాకు, నువ్వెందుకు వచ్చినవో."

"ఏం చెప్పాడు?"

"కాయిదం రాసి పెట్టిండు. నా మనుమరాలికి నీళ్ళు పోసి మతం మార్చినవని. సంతకాలన్ని అయినయ్. ఇంటిమనిషిది ఒక్క వేలిముద్ర తక్కువ. నేను వేస్తె ఇయ్యాల్నే పోలీసులొచ్చి నిన్ను తీస్కపోతరు. ఈ గదికి తాళం పడ్తది. సోంచాయించుకో."

"వేయండి."

"ఏందీ?"

"వేయమంటున్నాను. వెళ్ళి వేసి రండి."

"నన్ను ఆట పట్టిస్తున్నవా?"

"లేదమ్మా, ఒళ్ళు మండిపోయి చెప్తున్నాను. ఆరేళ్ళయింది ఈ గదిలో. నీళ్ళు పోశానా? మీరు చూశారా?"

"పాట నేర్పలేదా? ఇంట్ల పాడుతది. మా మార్కండేయుని పటం ముంగట నిలవడి నీ దేవుని పాట పాడుతది."

"నేర్పాను. దాచను. గుజరాతీ అక్షరాలూ నేర్పాను, ఎక్కాలూ నేర్పాను, బడిలో వెనకబడిందని కొట్టే టీచరుతో పోట్లాడీ వచ్చాను. అవేవీ పరుశురాం కాగితంలో లేవేం? ఈ పిల్ల వీపు మీద వాతలున్నాయి. పొద్దున ఆసుపత్రిలో చొక్కా తీస్తే చూశాను. పాతవి, కొత్తవి. ఇన్నాళ్ళూ ఆ పరుశురాంకి పాట ఒక్కటే వినిపించిందా? ఏడుపు వినిపించలేదా?"

"జర మెల్లగ మాట్లాడు."

"ఇప్పుడు మెల్లగానా? నాలుగు బిల్డింగులు వినాలన్నారుగా!"

"నువ్వు అరువకు. అరిచే హక్కు నీకు లేదు. అసలిదంతా షురూ చేసింది నువ్వే."

"నేనా?"

"నువ్వే. మా సంధ్యను ఆ కిమ్ ఊరికి ఎవరు పంపిండ్రు?"

"ఆ సంగతి ఇప్పుడెందుకు?"

"చెప్పు! ఇంటి కోడల్ని, కన్న తల్లిని, పిల్ల నుంచి విడదీసి ఎవరు పంపిండ్రు?"

"నేనే."

"ఆడోళ్ళ హాస్టల్ల పెట్టిచ్చినవ్. దారం మిల్లుల పని ఇప్పిచ్చినవ్."

"ఆమెకి రెండు పక్కటెముకలు విరిగాయి. ఇంకో నెల ఆ ఇంట్లో ఉంటే చచ్చిపోయేది."

"సచ్చేది. నేను గాదన్ననా? దాని సంచి సదిరింది నేనే. వాడు పనికి పోయినంక, పో బిడ్డా, మల్లి చూడకు అని ఆటో ఎక్కిచ్చింది నేనే. నీకు ఎరుక లేదు ఆ సంగతి."

"తెలీదు. సంధ్య చెప్పలేదు."

"చెప్పొద్దన్న. మరి పిల్లనెందుకు ఇడిసిపెట్టిచ్చినవ్?"

"ఆ హాస్టల్లో పిల్లల్ని ఉండనివ్వరు. రెండు నెలలు పని చేసుకుంటే ఒక గది చూసి, అప్పుడు..."

"ఎన్ని నెలలైంది?"

"గదులు దొరకలేదు. ఒంటరి ఆడదానికి ఎవరూ..."

"ఎన్ని నెలలైంది అంటున్న!"

"ఎనిమిది."

"ఎనిమిది. సంధ్య ఉన్నన్ని దినాలు వాని కోపమంత దాని మీద పోయేది. అది పోయినంక వాడు ఊకుంటడనుకున్నవా? నువ్వు కండ్లు మూసుకోని ప్రార్థన చేస్తె ఊకుంటడనుకున్నవా?"

"అనుకోలేదు."

"మరి?"

"...తప్పు నాదే. తల్లిని తప్పించాను, పిల్లని అక్కడే వదిలేశాను. రేపు చూద్దాం, వచ్చే నెల చూద్దాం అనుకుంటూ కూర్చున్నాను. కేసులంటే భయపడ్డాను. పరుశురాంలాంటి వాళ్ళకి భయపడ్డాను. ఈ గది మూసేస్తారేమో, మిగతా పిల్లలేమవుతారో అనుకున్నాను. మీరు ఎంత తిట్టినా పడతాను. కానీ పిల్లని మాత్రం పంపను."

"నిన్ను బతిమిలాడుతలేను. నవతా! ఓ నవతా! రావే, పోదాం. రా బిడ్డా. నీ బాపు ఇంట్ల లేడు. కార్ఖానకు పోయిండు."

"నహీ నాయినమ్మా. నేను రాను."

"ఎందుకు రావు? నీకిష్టమని సేమియా చేసిన. సల్లారిపోతాంది."

"రాను. టీచర్, దర్వాజ బంద్ చెయ్యి. ప్లీజ్ టీచర్, దర్వాజ బంద్ చెయ్యి."

"భయపడకమ్మా, ఎవరూ నిన్ను తీసుకెళ్ళరు. నువ్వు వెనక గదిలోకి వెళ్ళి పడుకో. గడియ పెట్టుకో. చెయ్యి దిండు మీద పెట్టుకో, కిందకి వేలాడనివ్వకు... చూశారా పోశమ్మగారూ? తండ్రి ఊళ్ళో ఎక్కడో కార్ఖానాలో ఉంటే ఇక్కడ వణికిపోతోంది. ఎంత భయపెట్టాడో చూశారా?"

"...చూసిన."

"ఇప్పుడైనా నిజం చెప్పండి. నాలుగింటికి పిల్లల సంక్షేమ కమిటీ వాళ్ళు వస్తున్నారు. ఆసుపత్రి వాళ్ళే పోలీసులకి కబురు పెట్టారు. నేనూ రాసిచ్చాను."

"ఏం రాసిచ్చినవ్?"

"నరహరి కొట్టాడని."

"నవత చెప్పిందా, బాపు కొట్టిండని?"

"నోటితో చెప్పలేదు. నాన్నేనా కొట్టింది అని అడిగాను. అప్పటిదాకా ఏడవని పిల్ల, వెక్కి వెక్కి ఏడ్చింది. చాలదా?"

"చాలదు."

"ఇంకా కొడుకుని వెనకేసుకొస్తారా? ఇంకా?"

"వెనకేసుకొస్తలేను. వాడు సస్తె నాకు కండ్లల్ల నీళ్ళు రావు. చాలదన్న, అంతే. వాన్ని పట్టుకపోతరా?"

"పట్టుకెళ్తారు."

"ఎన్ని దినాలు?"

"నాకు తెలీదు. ఈసారి తొందరగా వదలకుండా చూస్తాను. సంధ్య కూడా వచ్చి చెప్తానంది. పొద్దునే మాట్లాడాను."

"పిల్లను? పిల్లను ఏం చేస్తరు?"

"అదే మీతో చెప్పాలనుకుంటే మీరు మాట్లాడనిస్తేగా! మీరొచ్చినప్పట్నుంచీ నన్ను దొంగంటున్నారు, మతం మార్చేదానివంటున్నారు. నేనేం రాశానో తెలుసా? మా మిషన్ హాస్టల్‌కి పంపమని రాయలేదు. ప్రభుత్వ హోంలోనూ వేయొద్దని రాశాను. తల్లికి గది దొరికేదాకా మీ దగ్గరే ఉంచమని రాశాను."

"నా దగ్గరనా?"

"మీ దగ్గరే. నరహరిని ఆ ఇంటికి రానివ్వకుండా చేసి, పిల్లని మీ చేతికి అప్పగించమని. ఆ ఇంట్లో ఈ పిల్ల మీద చెయ్యెత్తని మనిషి ఒక్క నాయనమ్మే అని రాశాను."

"ఏమని రాసినవ్?"

"చెయ్యెత్తని మనిషి ఒక్క నాయనమ్మే..."

"కొట్టెయ్యి."

"ఏంటి?"

"ఆ ముక్క కొట్టెయ్యి. ఇప్పుడే. నా ముంగట్నే కొట్టెయ్యి."

"ఎందుకు? మీకు నా మీద కోపం ఉంటే ఉండనివ్వండి, పిల్ల విషయంలో..."

"కొట్టెయ్యమంటున్న గదా! చెవులు లేవా నీకు?"

"అరవకండి. కూర్చోండి ముందు. ఒళ్ళంతా చెమటలు పట్టాయి మీకు. ఉండండి, మంచినీళ్ళు..."

"నీళ్ళొద్దు. నాకేమొద్దు. ఇను. సంధ్య పోయిన పదోనాడు, వాడు పిల్లను గోడకేసి కొట్టిండు. నీ అవ్వ యాడికి పోయిందో చెప్పు అని. పిల్ల కిందపడి ఊపిరి తియ్యలే. నేను సచ్చిందనుకున్న. మొహం మీద నీళ్ళు సల్లిన, చెంపలు తట్టిన. ఎంతకో 'హా' అని గాలి తీసింది."

"అయ్యో... నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తె ఏం చేస్తవ్? వచ్చే నెల చూద్దామంటవ్. ఆ దినమే ఒట్టు వెట్టుకున్న. వాని చెయ్యి మల్ల దాని మీద పడనియ్య అని. పడనియ్యలే. ఎనిమిది నెలల సంది ఒక్క దెబ్బ పడనియ్యలే."

"అదేంటి? ఒక్క దెబ్బా? మరి ఆ వీపు మీద వాతలు? విరిగిన చెయ్యి? పోశమ్మగారూ, ఇటు చూడండి. నరహరి కొట్టకపోతే ఎవరు కొట్టారు?"

"వాడు తాగొచ్చి గిన్నె దన్నంగనే నేను లేస్త. సదువుత లేవంట, పాలొలకవోసినవంట, ఏదో ఒక వంక వెట్టి వానికంటె ముంగట నేనే కొడ్త. తలకు తాకకుంట, కడుపుల తాకకుంట, చూసి చూసి కొడ్త. వాడు కూసోని చూస్తడు, చూసి సల్లవడి పండుకుంటడు. నిన్న 'గట్టిగ కొట్టవే ముసల్దానా, లేకుంటె నేను లేస్త' అన్నడు, గట్టిగ కొట్టిన... నవత నాకు భయపడ్తాంది టీచరమ్మా, వానికి గాదు. నా చేతికియ్యకు దాన్ని."